ధ్రువ ప్రాంతపు మంచు కింద శిథిలంలోకి దిగడం: ఆ ఖాళీని మోసేది రాయా, మంచా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు అనంతపురంలో ఉండి ఒక నవల రాస్తున్నారు, రాసినంతవరకు అధ్యాయాలను ప్రశ్నతో పాటు పంపారు. అందులో కర్నూలు, కడప ప్రాంతాల నుంచి వెళ్లిన ఆరుగురు అన్వేషకులు దక్షిణ ధ్రువానికి సమీపంలో మంచులో పడిన ఒక బిలం గుండా తాళ్ల సాయంతో రెండు కిలోమీటర్ల లోతుకు దిగి, వేల ఏళ్ల నాటి రాతి మండపాలున్న నగరాన్ని చూస్తారు. ఇందులో ఏది నమ్మదగినది, లోపల వారికి నిజంగా ఎదురయ్యే ఇబ్బందులేమిటి, గాలి ఎలా ఉంటుంది, ఎంతసేపు ఉండగలరు అని అడిగారు. నేను భూగర్భ శాస్త్రం చదివి, పాత కర్నూలు జిల్లాలోని సున్నపురాతి గుహల్లో చాలాకాలం కొలతల పని చేసినవాణ్ణి. ఒక వేసవి కాలం అంటార్కిటికాలోని మన మైత్రి స్థావరంలోనూ పనిచేశాను. ఆ రెండు చోట్లా తెలుసుకున్నదాన్ని బట్టి ఈ జవాబు రాస్తున్నాను.

భూగర్భంలోకి దిగే ఏ కథకైనా లోపల ఖాళీ స్థలం ఉండాలి, మనుషులు చేరేవరకు ఆ ఖాళీ మిగిలి ఉండాలి. ఆ ఖాళీ మీది బరువును ఏది మోస్తోందన్నది మీరు మొట్టమొదట తేల్చుకోవలసిన సంగతి. రాయి మోస్తుంటే మీ కథకు ఒక దారి ఉంది. మంచు మోస్తుంటే ఆ దారి చాలా పొట్టిది. చలి, చీకటి, గాలి, తాళ్లు, ఇవన్నీ ఈ ఒక్క నిర్ణయాన్ని బట్టి మారిపోతాయి.

కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలను మీరు చూసే ఉంటారు. పైన చదునైన పొలాలు, వాటి నడుమ బావుల్లాంటి మూడు గుంతలు, నడిమి గుంతలోంచి దిగితే 3,229 మీటర్ల పొడవున కొలిచిన గుహ. 1884లో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాన్ని నమోదు చేశాడు, 1980ల తొలినాళ్లలో జర్మన్ గుహాన్వేషకులు పటం గీశారు, 2002 నుంచి పర్యాటకులు వెళ్తున్నారు. ఈ ఏళ్లన్నిటిలో ఆ గదుల కొలతలు మారలేదు. నీరు సున్నపురాతిని కరిగించి చేసిన ఖాళీ అది. నీరు దిగిపోయిన తరువాత కూడా పైకప్పు బరువును రాయి పక్క గోడల మీదికి మళ్లిస్తూ నిలబెట్టింది. ఎక్కడైనా రాయి ఓడిపోతే పెళ్ల ఊడి కింద పడుతుంది, అంతే తప్ప గది మొత్తం మెల్లగా కుంచించుకుపోవడం ఉండదు.

మంచు అలా ప్రవర్తించదు. సుత్తితో కొడితే పగిలే గట్టి పదార్థమే అయినా, ఏళ్ల తరబడి బరువు మీద పడి ఉంటే అది పారుతుంది. వంద మీటర్ల మంచు కింద ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు తొమ్మిది కిలోల బరువు ఉంటుంది. ఆ లోతులో మామూలు గాలి ఉన్న గది ఉంటే, చుట్టూ ఉన్న మంచుకు లోపలికి జరగడం తప్ప మరో దారి లేదు. హిమానీనదాల మీద కనిపించే నిలువు పగుళ్లు సాధారణంగా ముప్పై, నలభై మీటర్లను దాటి లోతుకు పోకపోవడానికి కారణం కూడా ఇదే. అంతకంటే కిందికి పోతే పగులు తెరుచుకునే వేగం కంటే మంచు దాన్ని మూసే వేగం ఎక్కువవుతుంది. రష్యావారు అంటార్కిటికాలోని తమ వోస్టోక్ స్థావరం దగ్గర 3,700 మీటర్లకు పైగా తవ్విన సన్నటి గొట్టపు రంధ్రాన్ని ఖాళీగా వదలలేదు. అది మూసుకుపోకుండా కిరోసిన్ లాంటి ద్రవంతో నింపి ఉంచవలసి వచ్చింది. గుప్పెడు వెడల్పున్న రంధ్రానికే ఆ అవస్థ ఉన్నప్పుడు మండపాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మనుషులు మంచులో కట్టిన భూగర్భ నిర్మాణాలు నిజంగానే ఉన్నాయి, వాటి గతి ఏమైందో కూడా తెలుసు. మీ నవలకు నేరుగా పనికివచ్చే సమాచారం కనుక దీన్ని కాస్త వివరంగా చెప్తాను. గ్రీన్‌లాండ్ వాయవ్య భాగంలో అమెరికా సైన్యం 1959లో క్యాంప్ సెంచరీ అనే స్థావరాన్ని మొదలుపెట్టింది. మంచులో పొడవాటి కందకాలు తవ్వి, పైన వంపు రేకులు పరిచి, వాటి మీద మళ్లీ మంచు కప్పి, లోపల నివాస గదులు, వంటశాల, ఆసుపత్రి కట్టారు. అన్నిటికంటే పొడవైన కందకం మూడు వందల మీటర్లు దాటింది. విద్యుత్తు కోసం చిన్న అణు రియాక్టరును కూడా మంచు కిందే నడిపారు. అక్కడ శత్రువు చలి కాదు, గోడలు. కందకాల పక్క గోడలు లోపలికి, పైకప్పులు కిందికి జరుగుతూ వచ్చాయి, ఆ మంచును చెక్కి బయటికి మోసుకుపోవడం నిత్యకృత్యమైంది. ఆ మంచు కిందే క్షిపణులు దాచాలన్న రహస్య పథకం కూడా ఈ కారణంగానే సాగలేదు. 1967లో స్థావరాన్ని పూర్తిగా వదిలేశారు. ఇప్పుడు అది కనీసం ముప్పై మీటర్ల మంచు కింద నలిగి ఉంది. 2024లో నాసా విమానం రాడార్ పరీక్షలు చేస్తుండగా దాని రూపురేఖలు తెర మీద కనిపించాయి. మనుషులు వదిలి వెళ్లి అరవై ఏళ్లు కూడా కాలేదు, లోపల నడవడానికి చోటు లేదు.

మనకూ అలాంటి శిథిలం ఒకటి ఉంది. 1983-84లో కట్టిన దక్షిణ గంగోత్రి అంటార్కిటికాలో భారతదేశపు మొదటి స్థావరం. దాన్ని రాతి మీద కాకుండా సముద్రం మీదికి చాచుకొని తేలే మంచు పలక మీద కట్టారు. అక్కడ తపాలా కార్యాలయం కూడా నడిచింది. కొన్నేళ్లకే మంచు దాన్ని కప్పేయసాగింది, 1990లో నివాసానికి పనికిరాదని వదిలేశారు. దాని స్థానంలో షిర్మాకర్ ఒయాసిస్సు అనే మంచులేని రాతి నేల మీద మైత్రిని కట్టారు, అది 1989 నుంచి ఇప్పటికీ నడుస్తోంది. రాతి మీద కట్టినది నిలిచింది, మంచు మీద కట్టినది మునిగింది. మీ ఆరుగురిలో ఒకరి తండ్రో, పెద్దనాన్నో ఆ పాత స్థావరంలో పనిచేసినట్టు రాస్తే, మీ కథకు ప్రాచీన నాగరికతల కంటే దగ్గరి శిథిలం దొరుకుతుందని నా అభిప్రాయం. మీరు అడగని సలహా ఇది, నచ్చకపోతే వదిలేయండి.

దక్షిణ ధ్రువం మీద 1957లో మొదలైన అమెరికా స్థావరం కథ కూడా ఇంతే. అక్కడ ఏటా ఇరవై సెంటీమీటర్లకు అటూ ఇటూగా మంచు పేరుకుంటుంది. 1975లో దాన్ని వదిలి కొత్త కట్టడంలోకి మారారు. పాతది మంచులో దిగబడి, పైకప్పు దూలాలు విరిగి, చివరికి పైన తిరిగే వాహనాలకు ప్రమాదంగా మారడంతో 2010లో పేల్చి కూల్చేశారు. అంటార్కిటికాలోనే బ్రిటిష్ వారి హాలీ స్థావరంలో జరిగినది ఇంకా విచిత్రం. మంచులో పూడిపోయిన మూడో హాలీ మంచు పలకతో పాటే సముద్రం వైపు ప్రయాణించి, వదిలేసిన పదేళ్లకు మంచు కొండ అంచున బయటికి తేలింది. శిథిలంలోకి పై నుంచి దిగడం కాకుండా, విరిగిన మంచు గోడలో అడ్డంగా తెరుచుకున్న గొట్టంలోకి పడవ మీద నుంచి చూడడం అన్నది మీ నవలలో ఒక అధ్యాయానికి సరిపోయే దృశ్యం, అది పూర్తిగా సాధ్యం కూడా.

ఇక మీ రెండు కిలోమీటర్ల బిలం. దక్షిణ ధ్రువం దగ్గర మంచు మందం 2,700 మీటర్లకు పైనే. అంత లోతుకు రంధ్రాలు వేయడం కొత్త కాదు: న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలను గమనించే ఐస్‌క్యూబ్ పరిశోధనశాల కోసం 2010 నాటికి వేడినీటితో మంచును కరిగిస్తూ దాదాపు 2,450 మీటర్ల లోతు రంధ్రాలు 86 వేశారు. అయితే ఒక్కొక్కటి వెడల్పు అరవై సెంటీమీటర్లే, పైగా అది నీటితో నిండి ఉంటుంది, పరికరాలను దించగానే మళ్లీ గడ్డకట్టుకుపోతుంది. మనిషి దిగే ఖాళీ బావి కాదు అది. మరొక చిక్కు ఉంది. ధ్రువం దగ్గర మంచు ఏడాదికి దాదాపు పది మీటర్ల చొప్పున జరుగుతుంది. ధ్రువబిందువును సూచించే గుర్తును ప్రతి జనవరి 1న కొత్త చోట నాటుతారు. అడుగున ఉన్న రాయి మాత్రం కదలదు. కాబట్టి రాతి మీది నగరానికి సూటిగా పైన ఈ ఏడాది ఉన్న బిలం వచ్చే ఏడాది పది మీటర్లు పక్కకు పోతుంది, వందేళ్లలో కిలోమీటరు పోతుంది. వేల ఏళ్లుగా తెరుచుకొని ఉన్న దారి అనే మాట ఇక్కడ నిలవదు. మంచు దాదాపు కదలని ఎత్తైన గుమ్మటాల్లాంటి ప్రదేశాలు కొన్ని ఉన్నాయి. అక్కడ బిలం పక్కకు పోదు గానీ మూసుకుపోవడం మాత్రం తప్పదు.

కాలం లెక్క కూడా కుదరదు. అంటార్కిటికాను మంచు కమ్మడం మొదలై సుమారు 3.4 కోట్ల ఏళ్లయింది, ఆధునిక మానవజాతి వయసు మూడు లక్షల ఏళ్లే. ఆ ఖండాన్ని మనుషులు మొదటిసారి కళ్లారా చూసింది 1820లో. అంటే మంచు కింది నేల మీద మనుషులు కట్టినదేదీ ఉండదు. వేరే జీవులు కట్టారని రాస్తే అది మీ కల్పన, దాని జోలికి నేను రాను. కానీ అప్పుడు వేల ఏళ్లు అనకుండా కోట్ల ఏళ్లు అనాలి. ఆనాటి నేల ఎలా ఉండేదో కొంత తెలుసు. పశ్చిమ అంటార్కిటికా తీరంలో సముద్రపు అడుగు నుంచి తీసిన మట్టిలో తొమ్మిది కోట్ల ఏళ్ల నాటి అడవి వేళ్లు దొరికాయి. తూర్పు అంటార్కిటికా మంచు కింద నదులు చెక్కిన లోయలు, గాంబర్ట్‌సెవ్ అనే పూర్తి పర్వతశ్రేణి రాడార్లలో కనిపిస్తున్నాయి. వాట్సాప్‌లో తిరిగే అంటార్కిటికా పిరమిడ్ ఫోటోను మీరు ప్రశ్నతో పాటు జతచేశారు. అది ఎల్స్‌వర్త్ పర్వతాల్లోని ఒక శిఖరం. రాతి పగుళ్లలో నీరు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి నలువైపులా రాయిని ఒలిచేస్తే కొండలు అలా కోసుగా మిగులుతాయి. దాన్ని నవలలో వాడకండి. భూగర్భ శాస్త్రం తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

అయితే కథను ఎక్కడ పెట్టాలి? నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, మంచు ఫలకాన్ని చీల్చుకొని పైకి లేచిన రాతి కొండ. అంటార్కిటికా అంచుల్లో అలాంటివి ఎన్నో ఉన్నాయి. ఆ కొండ గర్భంలో తొలిచిన గదులైతే బరువును రాయి మోస్తుంది, బెలూం లాగే నిలుస్తుంది. మంచు చేసే పనల్లా ద్వారాన్ని బిరడాలా మూయడమే. మీ అన్వేషకులు రెండు కిలోమీటర్లు దిగనక్కరలేదు. కొండకూ మంచుకూ నడుమ గాలి తొలిచిన లోయలోకి ముప్పై, నలభై మీటర్లు దిగి, ద్వారానికి అడ్డుపడిన మంచును తొలుచుకుంటూ లోపలికి పోతే చాలు. మంచు గోడ పొరల్లో నల్లటి చారలు కనిపించేలా రాయండి. అవి అగ్నిపర్వతాల బూడిద పొరలు. హిమశాస్త్రజ్ఞులు వాటిని కాలం లెక్కించడానికి వాడతారు. మన బనగానపల్లె పక్క జ్వాలాపురంలో కూడా సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ల కిందట కురిపించిన బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరకడం వల్లనే అక్కడి మనుషుల కాలం చెప్పగలిగారు. మీ బృందంలో ఆ తవ్వకాలను చూసిన మనిషి ఒకరుంటే, చారను చూడగానే ఆగి మాదిరి తీసుకోవడం సహజంగా ఉంటుంది, కర్నూలు నేపథ్యం కూడా కథలో పేరుకు మాత్రమే మిగలకుండా పనిలోకి వస్తుంది.

రెండో దారి ఉత్తర ధ్రువ ప్రాంతం. నిజమైన ప్రాచీన మానవ శిథిలాలు కావాలంటే అక్కడికే పోవాలి. సైబీరియా ఉత్తర అంచున యానా నది ఒడ్డున ముప్పై వేల ఏళ్లు దాటిన నివాస స్థలం బయటపడింది. అలాస్కా నుంచి గ్రీన్‌లాండ్ దాకా విస్తరించిన థూలే సంస్కృతివారు నేలను తవ్వి, రాళ్లు పేర్చి, తిమింగలం పక్కటెముకలను దూలాలుగా నిలిపి, పైన గడ్డి మట్టి పెళ్లలు కప్పి సగం భూమిలో ఉండే ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఇంటి ప్రవేశం గమనించదగినది: సన్నటి సొరంగం గుండా కిందికి దిగి, పాకి, మళ్లీ పైకి లేచి గదిలోకి రావాలి. చల్లటి గాలి బరువైనది కనుక సొరంగపు పల్లంలోనే ఆగిపోతుంది, ఎత్తున ఉన్న గదిలో దీపపు వేడి నిలుస్తుంది. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల ఆ గోడలను సిమెంటులా పట్టి ఉంచుతుంది. ఇప్పుడు ఆ నేల కరుగుతూ, తీరాలు కోసుకుపోతూ ఉండడం వల్ల ఇలాంటి స్థలాలు బయటపడుతున్నాయి, బయటపడినంత వేగంగా పాడవుతున్నాయి కూడా. మహా నగరం ఉండదు, మండపాలు ఉండవు. అయినా సముద్ర జంతువుల కొవ్వుతో వెలిగించిన దీపపు మసి అంటిన రాయిని ముట్టుకోవడంలో ఉండే ఉత్కంఠ నా దృష్టిలో తక్కువేమీ కాదు.

లోపలి చలి గురించి మీరు రాసినదాన్ని సరిచేయాలి. దిగేకొద్దీ వెచ్చగా ఉంటుందని రాశారు. నేలలో పది, పదిహేను మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఎండాకాలం, చలికాలం తేడాలు చెరిగిపోయి, ఆ ప్రదేశపు ఏడాది సగటు ఉష్ణోగ్రత మాత్రమే మిగులుతుంది. ఈ సూత్రం అన్నిచోట్లా ఒకటే. మన గుహల్లో మే నెలలో బయటి కంటే తక్కువ వేడిగానూ, డిసెంబరు తెల్లవారుజామున బయటి కంటే వెచ్చగానూ ఉండడానికి కారణం అదే. తేమ వల్ల ఒళ్లంతా చెమట పట్టడం వేరే సంగతి. దక్షిణ ధ్రువంలో ఏడాది సగటు మైనస్ 49 డిగ్రీలు. నడివేసవిలో పైన మైనస్ 25 ఉన్న రోజున మీ మనుషులు దిగితే, కింద దానికి రెట్టింపు చలి వారికోసం సిద్ధంగా ఉంటుంది. శీతకాలంలో పైన మైనస్ 60 ఉంటే అప్పుడు కింద కాస్త నయమనిపిస్తుంది. కానీ బరువైన చల్లటి గాలి బిలంలోకి దిగి అడుగున నిలిచిపోతే ఆ నయం కూడా ఉండదు. తీరప్రాంతంలో, మైత్రి పరిసరాల్లో, సగటు మైనస్ 10 దగ్గర ఉంటుంది. కథలో మనుషులు గంటల తరబడి మాట్లాడుకోవాలన్నా, చేతులతో ఏదైనా పట్టుకోవాలన్నా అదే అనువైన చోటు. భూమి వేడి పనిచేసేది కిలోమీటర్ల లోతున మాత్రమే. మంచు కింద దాగిన వోస్టోక్ సరస్సు మీది మంచు అడుగు మైనస్ 3 దగ్గర ఉంటుంది. ఇక మౌంట్ ఎరెబస్ అగ్నిపర్వతం మీద వేడి ఆవిర్లు తొలిచిన మంచు గుహలు ఉన్నాయి. వాటిలో కొన్ని బయటి కంటే ఎంతో వెచ్చగా ఉంటాయి. మీకు వెచ్చటి గుహే కావాలంటే అగ్నిపర్వతాన్ని తెచ్చుకోండి.

గాలి గురించి అడిగారు. మనవైపు పాత బావిలోకి పూడిక తీయడానికి దిగేముందు వెలిగించిన లాంతరును తాడుతో దింపి చూసే అలవాటు ఉంది. దీపం ఆరిపోతే దిగకూడదు. అది మంచి పరీక్షే గానీ, ప్రాణవాయువు తగ్గినప్పుడు, బొగ్గుపులుసు వాయువు పేరుకున్నప్పుడు మాత్రమే పనికొస్తుంది. ధ్రువ ప్రాంతంలో మనుషులను చంపేది ఎక్కువగా వేరే వాయువు: స్టవ్వులు, జనరేటర్లు సరిగా మండక వదిలే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు, వాసన ఉండవు. మనిషి ప్రాణం తీసేంత ఉన్నా దీపం మామూలుగానే వెలుగుతుంది. 1934లో అమెరికన్ అన్వేషకుడు రిచర్డ్ బర్డ్ మంచులో పాతిన చిన్న గదిలో శీతకాలమంతా ఒంటరిగా వాతావరణ కొలతలు తీస్తూ, స్టవ్వు, ఇంజను పొగ వల్ల చావు అంచుకు వెళ్లి, రేడియోలో అతని సందేశాలు తేడాగా ఉన్నాయని గమనించి వచ్చిన సహచరుల వల్ల బతికాడు. మీ నవలలో లాంతరు వెలుగుతోంది కదా అని ధైర్యంగా స్టవ్వు మీద టీ పెట్టుకున్న ఇద్దరికి తలనొప్పి మొదలై, మాట తడబడితే, ఏ దెయ్యమూ అక్కరలేకుండానే పాఠకుడు భయపడతాడు. బెలూంలో యంత్రాలతో గాలిని లోపలికి పంపుతున్నారు. మీ బృందానికి ఆ సదుపాయం ఉండదు కనుక వంట బయటే చేయించండి, లోపలికి ఫ్లాస్కులే తీసుకుపోనివ్వండి.

తాళ్ల విషయంలో మీరు రాసిన అవరోహణ బాగుంది, ఆరోహణ అసలు లేదు. గుహాన్వేషణలో కష్టమంతా తిరిగి ఎక్కడంలోనే ఉంటుంది. ప్రపంచంలో అతి లోతైన గుహ అయిన వెర్యోవ్‌కినా 2,200 మీటర్లు దాటుతుంది, కాకసస్ పర్వతాల్లో ఉంది. అందులోకి వెళ్లే బృందాలు దారిలో గుడారాలు వేసుకుంటూ రోజుల తరబడి లోపలే గడుపుతాయి. అది కూడా ఒకే నిలువు బావి కాదు, మజిలీలు మజిలీలుగా దిగే బావుల వరస. మంచులో మరిన్ని చిక్కులున్నాయి. రాతిలో మేకు కొట్టి తాడు కట్టినట్టు పై పొర మంచులో కట్టలేరు. అడ్డంగా పలకనో, మంచు సంచినో లోతుగా పాతి దానికి కట్టాలి. మనిషి బరువుకు తాడు బిలం అంచు మంచును కోసుకుంటూ లోపలికి దిగిపోతుంది, ఎక్కి వచ్చేవాడు చివరి రెండు మీటర్ల దగ్గర మంచు చూరు కింద ఇరుక్కుంటాడు. కాబట్టి అంచున మెత్తటి అడ్డు పెట్టించండి. ఊపిరి తేమ తాడు మీద గడ్డకడితే తాడును పట్టుకొని ఎక్కడానికి వాడే క్లాంపుల పళ్లు పట్టు తప్పి జారతాయి, వాటిని మాటిమాటికీ బ్రష్షుతో గీకాలి. అన్నిటికంటే ప్రమాదం చెమట. ఎక్కేటప్పుడు లోపలి బట్టలు తడిస్తే, ఆగిన మరుక్షణం నుంచి ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఎక్కేముందు పై కోటు విప్పి, చలికి కాస్త వణుకుతూనే మొదలుపెడతారు. బ్యాటరీలు చలికి త్వరగా డీలాపడతాయి. లిథియం సెల్లులు మిగతావాటి కంటే నయం, వాటిని కూడా చొక్కా లోపల దాచుకోవాలి.

లోపల ఏమి కనిపిస్తుంది, ఏమి వినిపిస్తుంది అన్నది కథకుడిగా మీకు ముఖ్యం. మూసి ఉన్న చల్లటి గదుల్లో పైకప్పు నుంచి అరచేతి వెడల్పు మంచు స్ఫటికాలు వేలాడతాయి, మనుషుల ఊపిరి తగిలితేనే రాలతాయి. మంచు సొరంగంలో మాట పక్కవాడికే సరిగా వినిపించదు, గోడలు శబ్దాన్ని మింగేస్తాయి. రాతి గదిలోకి అడుగుపెట్టగానే ప్రతిధ్వని మొదలవుతుంది. మంచు దారి ముగిసి రాతి ద్వారం దాటామని మీ పాత్రలకు చీకట్లో చెవులే చెప్తాయి, ఆ ఘట్టాన్ని వదులుకోకండి. వస్తువుల విషయంలో, చలిలో ఏదీ కుళ్లదు అని ఒక పాత్ర చేత చెప్పించారు. సగమే నిజం. అంటార్కిటికాలోని రాస్ దీవిలో అన్వేషకులు స్కాట్, షాకిల్టన్‌ల బృందాలు వందేళ్ల కిందట వదిలిన చెక్క గుడిసెల్లో డబ్బాలు, బట్టలు ఇప్పటికీ ఉన్నాయి, షాకిల్టన్ విస్కీ పెట్టెలు కూడా మంచులో దొరికాయి. అయినా అదే గుడిసెల చెక్కను చలికి తట్టుకునే శిలీంధ్రాలు మెల్లగా తినేస్తున్నాయని పరిశోధనల్లో తేలింది. పొడి చలి నిలుపుతుంది, వేసవిలో కాస్త కరిగి తేమ చేరే చోట చలి నిలపలేదు. మీ గదుల్లో లోపలివి భద్రంగా, ద్వారం దగ్గరివి పాడైనట్టు రాస్తే సరిపోతుంది.

ప్రయాణం గురించి క్లుప్తంగా. మన అంటార్కిటికా యాత్రలను గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నడుపుతుంది. ఎంపికైనవారికి ఉత్తరాఖండ్‌లోని ఔలిలో మంచు మీద శిక్షణ ఉంటుంది. కేప్‌టౌన్ నుంచి విమానంలోనో, ఓడలోనో వెళ్తారు. సాధారణంగా నవంబరు నుంచి మార్చి మధ్య పని జరుగుతుంది. అనుమతి లేకుండా ఆరుగురు స్నేహితులు వెళ్లి దిగడం కుదరదు. అంటార్కిటికా ఒప్పందానికి అనుబంధంగా 1991లో కుదిరిన మాడ్రిడ్ ఒడంబడిక, దాన్ని అమలు చేసేందుకు మనం 2022లో చేసుకున్న చట్టం ప్రకారం ప్రతి యాత్రకూ అనుమతి కావాలి. చారిత్రక స్థలంగా గుర్తించిన చోటి నుంచి ఏ వస్తువునూ తీసుకురాకూడదు. మీ మూడో అధ్యాయంలో కడప యువకుడు ఒక శిల్పాన్ని సంచిలో వేసుకుంటాడు కదా, అతను అక్కడే నేరస్థుడైపోయాడు. అది మీరు కావాలని రాసినదైతే మిగతావారి స్పందన కూడా రాయాలి. ఉత్తరాన నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోనైతే 1946కు ముందటి మానవ ఆనవాళ్లన్నిటికీ చట్టరక్షణ దానంతటదే వర్తిస్తుంది.

చివరి ప్రశ్న, ఎంతసేపు ఉండగలరు అన్నది. దీన్ని నిర్ణయించేది లోపలి మనుషుల ఓపిక కాదు, పైన తాడు దగ్గర కూర్చున్న మనిషి పరిస్థితి. కింద గాలి వీచదు, పని చేస్తున్నంతసేపు ఒళ్లు వెచ్చగా ఉంటుంది. పైన ఉన్నవాడు గాలిలో కదలకుండా కాపలా ఉంటాడు. తీరప్రాంతంలో ఎత్తైన పీఠభూమి నుంచి కిందికి దొర్లే చల్లగాలులు కొద్ది గంటల్లోనే చూపు ఆనని మంచు తుఫానుగా మారగలవు, అప్పుడు ఎగిరొచ్చే మంచు బిలం నోటిని పూడుస్తుంది. అందువల్ల నేనైతే ఆరుగురిలో ఇద్దరిని పైనే గుడారంలో ఉంచి, వారు వంతులవారీగా కాపలా కాసేటట్టు, మంచు కింద చేతి రేడియోలను నమ్ముకోలేరు కనుక ద్వారం దాకా తీగ ఫోను లాగేటట్టు, దిగడానికి పట్టిన సమయానికి మూడు రెట్లు ఎక్కడానికి మిగుల్చుకొని వెనుదిరిగేటట్టు రాస్తాను. నలభై మీటర్ల దిగుడు, నలుగురు మనుషులు, తీరపు చలి అనుకుంటే లోపల చూడడానికి నాలుగైదు గంటలు దొరుకుతాయి. మీ రెండో అధ్యాయంలో వారు మూడు రోజులు లోపలే పడుకున్నారు. ఆ మూడు రోజులను మూడు వేర్వేరు దిగుళ్లుగా విడగొడితే కథాక్రమం ఎక్కడా చెడదు.